చిన్నది లేచినప్పుడు

తెల్ల టేపు ముక్క భోజనాల బల్ల మీద, సరిగ్గా వదిన టీ కప్పు పక్కన అతికించి ఉంది. దాని మీద నల్ల సిరాతో ఒకటే మాట. ‘తగ్గించు’.

“ఇదెవరి రాత?” అంది చిన్నది.

అడగాల్సిన అవసరం లేదు. ఆ ఇంట్లో సరుకుల డబ్బాల మీదా, మందు సీసాల మీదా, ఫ్యూజు పెట్టె మీదా ఉండేవన్నీ ఆ గుండ్రటి అక్షరాలే. వదిన రాత.

“పోయిన వారం ప్రోగ్రాం అయ్యాక చూశాను. సౌండు బోర్డు మీద నా మీట కింద ఉంది. చీకట్లో పీక్కొచ్చి వారం రోజులు నా ట్రంపెట్ పెట్టెలో దాచుకున్నాను. వదినే చెప్తుందేమో, వదినే చెప్తుందేమో అని చూశాను.” చిన్నది టేపు మీద వేలు పెట్టింది. “నాలుగు ప్రోగ్రాముల నుంచి నేనెవరికీ వినపడట్లేదంటే ఏమో అనుకున్నాను. ఊదేది నేను, నొక్కేసేది మా వదిన!”

చిన్నది అని పేరే గానీ ఇరవై ఏడేళ్ళ మనిషి. ఇంట్లో ఆఖరుది కాబట్టి చిన్నది. బ్యాండులో ఆరుగురికీ చిన్నదే. ఆమె ట్రంపెట్, అన్న గిటారు. బ్యాండు అన్నయ్యది. హాల్లో వెనక కూచుని అందరి మోతా సరిచూసే బోర్డు మాత్రం వదినది.

“పొద్దున్నే మొదలెట్టావా తల్లీ!” అన్నాడు అన్న, రొట్టె ముక్క తుంచుతూ. “ఎవరు నొక్కారో, ఎవరు నొక్కలేదో నాకొద్దు. నిన్నే చెప్పాను. ఇవాళ సాయంత్రం నీ సోలో చివరి వరసదాకా వినపడాలి. లేదంటే వచ్చే వారం నుంచి ఆ ముక్క కీబోర్డులో వస్తుంది. దాంట్లో ట్రంపెట్ ఉంది. బటన్ నొక్కితే చాలు.”

“దాంట్లో ఉన్నది ట్రంపెట్ కాదన్నయ్యా. ట్రంపెట్ ఫొటో.”

“ఫొటో అయినా కనపడుతోందిగా!”

చిన్నది బుంగమూతి పెట్టబోయి ఆగింది. నొప్పెట్టింది. పైపెదవి మధ్యలో చిట్లి పది రోజులైంది. టీ కూడా నోటి మూల నుంచే తాగుతోంది.

కిటికీ పక్క కుర్చీలోంచి నాన్న అందుకున్నాడు. “గట్టిగా ఊదమ్మా. కడుపులోంచి తియ్యి. గోడలు అదరాలి. నా రోజుల్లో మైకులెక్కడివి? నేను ఊదితే మూడు వీధుల అవతల కుక్కలు లేచేవి.”

అందులో అబద్ధం లేదు. ఊరంతా ఆయన్ని కంచుకంఠం మాస్టారనేది. పళ్ళు పోయి కట్టుడుపళ్ళు వచ్చాక ట్రంపెట్ పెదాలకి ఆనడం మానేసింది. ఆయన ట్రంపెట్టూ, ఆయన మౌత్‌పీసూ, ఆయన సలహా మూడూ కలిపి కూతురికిచ్చాడు. మూడు నెలలుగా ఆ సలహా మీదే చిన్నది పెదవి చిట్లేదాకా ఊదుతోంది.

“గట్టిగా ఊదకు,” అంది వదిన.

ఆ పొద్దున ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. చివరిదీ అదే.

“చూశారా!” అంది చిన్నది. “వింటున్నారుగా అందరూ!”

వదిన మొగుడి వైపు ఒకసారి చూసింది. గోటితో టేపు ముక్కని మడతపడకుండా లేపి మణికట్టు మీద అతికించుకుంది. కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పంపు చప్పుడు చాలాసేపు వినపడింది.

వ్యానులో ఒకే ఇంటి నలుగురూ నాలుగు ఊళ్ళవాళ్ళలా కూచున్నారు.

మధ్యాహ్నం రెండింటికి హాలు ఖాళీగా ఉంది. కొత్త రంగు వాసన. ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు. స్టేజి మీద డ్రమ్స్ అతను స్టాండ్ల సంచీ విప్పుతున్నాడు. అన్న తన గిటారు స్పీకరు పెట్టెని కాళ్ళ దగ్గర పెట్టి వైర్లు కలుపుతున్నాడు. ఆ పెట్టెలోంచి వచ్చే మోతకి అతని ప్యాంటు మోకాళ్ళ దగ్గర గాలికి ఊగినట్టు ఊగేది. అయినా తనకి తను వినపడటం లేదనే అనేవాడు.

వదిన హాలు వెనక బల్ల మీద బోర్డు పెట్టె మూత తెరిచింది. చిన్నది పక్కనే నిలబడింది. సాయం చెయ్యడానికి కాదు, కనిపెట్టడానికి.

బోర్డు మీద ఎనిమిది మీటలు. ప్రతి మీట పైనా వదిన రాత. డ్రమ్స్, బేస్, కీబోర్డు, పాట, కోరస్... గిటారు మీద మాత్రం గిటారని లేదు. ‘ఆయన’ అని ఉంది. దాని పక్క మీట ‘చిన్నది’.

‘ఆయన’ మీట కింద సగం చిరిగిన టేపు ముక్క ఉంది. వదిన మణికట్టు మీది ముక్క ఊడదీసి, చిరిగిన అంచుకి అంచు ఆనించి, బొటనవేలితో అదిమింది. వెనక్కి జరిగింది.

“చదువు.”

‘చిన్నది లేచినప్పుడు ఆయన్ని తగ్గించు.’

చిన్నది ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. తను లేచేది సోలో ఊదడానికే. ముఖం వేడెక్కిపోయింది. తను చించుకుపోయింది సగం టేపు. వారం రోజులు ఆ సగాన్నే కడుపులో పెట్టుకుని తిరిగింది.

“పొద్దున చెప్పొచ్చుగా వదినా!”

“ఎవరి ముందు? ఆయన ముందా? నాకు ముందు ఇక్కడ కూచున్న మనిషిని ఎందుకు పంపించేశారో నీకు తెలీదూ? ‘నా గిటారు మీద చెయ్యి వేసినవాళ్ళు మళ్ళీ బోర్డు దగ్గర కూచోరు’ అని అందరి ముందూ ఒట్టేసిన మనిషాయన. మూడు నెలల నుంచి దొంగతనంగా తగ్గిస్తున్నాను. ఇక్కడ నేను తగ్గిస్తే, అక్కడ ఆయన తన పెట్టె మోత పెంచుతారు. ఆయన పెంచితే నువ్వు గట్టిగా ఊదుతావు. నువ్వు ఊదితే ఆయన ఇంకాస్త పెంచుతారు. మధ్యలో నేను!”

“తిట్టు వదినా. రెండు తిట్లు తిట్టు, నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది.”

“ఇప్పుడు ఖాళీ లేదు. కూచో. హెడ్‌ఫోన్ పెట్టుకో.”

పోయిన వారం ప్రోగ్రాం మొత్తం బోర్డులో రికార్డయి ఉంది, ఎవరి వాయిద్యం వాళ్ళది వేరుగా. వదిన ముందు ట్రంపెట్ ఒక్కటే వినిపించింది. చిన్నది రెండు ముక్కలు విని కళ్ళెత్తింది.

“ఇది నేనేనా? గొంతు బొంగురుపోయినట్టుంది.”

“నువ్వే. గట్టిగా ఊది ఊది పెదవి వాచింది, శబ్దం లావై పదును పోయింది. అందరితో కలిస్తే ఇలా ఉంటావు.”

డ్రమ్స్, గిటారు, కీబోర్డు కలిసి ఒక్క గోడలా చెవుల మీద పడ్డాయి. ఆ గోడలో ట్రంపెట్ ఎక్కడుందో ఊదిన మనిషికే దొరకలేదు.

వదిన పెళ్ళికి ముందు ఆసుపత్రిలో ఆరేళ్ళు చెవి పరీక్షలు చేసింది. గాజు గదిలో మనుషుల్ని కూచోబెట్టి, సన్నటి కూతలు వినిపించి, వినపడితే చెయ్యెత్తమనేది. బోర్డు దగ్గర కూడా ఆమె పద్ధతి అదే. తొందర లేదు, అరుపు లేదు.

“మనిషి చెవిలో ఒక చోటుంటుంది,” అంది. “అన్నిటికంటే బాగా వినపడే చోటు. పసిపిల్ల ఏడుపు ఉండేది అక్కడే. ఇంటినిండా జనం ఉన్నా, ఎంత గోలగా ఉన్నా, పక్క గదిలో పిల్ల ఏడిస్తే తల్లికి వినపడుతుందే, ఆ చోటు. ముసలితనంలో సన్నటి పై శబ్దాలన్నీ పోతున్నా చాలామందికి అది కొంత మిగులుతుంది. ఎన్ని వందల మందిని చూశానో! నీ ట్రంపెట్ ఉండాల్సింది అక్కడ. మీ అన్నయ్య వెళ్ళి సరిగ్గా అక్కడే కుర్చీ వేసుకుని కూచున్నారు.”

“మరి?”

“ఆయన్ని పంపించెయ్యక్కర్లేదు. కాస్త పక్కకి జరపాలి. విను.”

రెండు వేళ్ళతో ‘ఆయన’ మీట పైనున్న ఒక చిన్న మర తిప్పింది. గిటారు తగ్గినట్టే లేదు. డ్రమ్స్ అలాగే ఉన్నాయి. కానీ ఆ గోడలోంచి, ఎవరో లోపలి నుంచి కిటికీ తెరిచినట్టు, ట్రంపెట్ బయటికొచ్చింది. బొంగురుగానే ఉంది, బాగా లేదు. అయినా ఉంది. ఇంతసేపూ అక్కడే ఉంది!

చిన్నదానికి ఒళ్ళు జలదరించింది. పదమూడేళ్ళ నుంచి ఊదుతున్న వాయిద్యం. దానికి మనిషి తలలో ఒక ఇల్లుందనీ, ఆ ఇల్లు మనుషులంతా పుట్టినప్పుడే వెంట తెచ్చుకుంటారనీ ఇన్నాళ్ళూ తెలీదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూచుండిపోయింది.

“మళ్ళీ తిప్పు వదినా.”

వదిన మళ్ళీ తిప్పింది. ట్రంపెట్ పోయింది. తిప్పింది. వచ్చింది.

“నన్ను పెంచలేదుగా?”

“ఇసుమంత కూడా పెంచలేదు.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వారం తర్వాత వదిన మొదటిసారి నవ్వింది.

“ఇది నా చేతిలో ఉన్న సగం. మిగతా సగం నీ మూతి దగ్గరుంది,” అంది. నవ్వు ఆపేసింది. “ఆ మౌత్‌పీస్ లోపల పెదాలు ఆనే గిన్నె మరీ లోతు. అందులో ఊదితే మెత్తగా, గుండ్రంగా వస్తుంది. ఒంటరిగా వింటే ఎంత బాగుంటుందో! ఈ మోతలో మాత్రం కరిగిపోతుంది.”

“అది నాన్నది.”

“తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ నోరెత్తలేదు.”

వెనక దగ్గు వినపడింది. నాన్న. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో! కుర్చీ మీద చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. కోపంగా ఉన్నాడనుకుని ఇద్దరూ లేచారు.

ఆయన జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీశాడు. కళ్ళజోడేమో ముక్కు మీదే ఉంది. పెట్టెలో మెత్తటి గుడ్డ, గుడ్డలో ఇంకో మౌత్‌పీస్. గిల్టు పోయి అంచు పచ్చబడింది. బయటికి చూస్తే చిన్నది ఊదేదానిలాగే ఉంది. లోపల గిన్నె మాత్రం చిటికెడు పట్టేంత.

“కంచుకంఠం ఇదే,” అన్నాడు నాన్న.

చిన్నదానికి అర్థం కాలేదు.

“లోతు గిన్నె ఇంట్లో సాధనకి. జనంలోకి వెళ్ళినప్పుడు ఇది. వెళ్తూ వెళ్తూ దారిలో మార్చేవాణ్ణి, ఎవరూ చూడకుండా. ఊరంతా ‘అబ్బ, ఏం ఊపిరండీ’ అంటే ఛాతీ విరుచుకున్నాను. ఊపిరే అన్నాను. ముప్పయ్యేళ్ళు అన్నాక నేనే నమ్మేశాను.”

“నాకెందుకు చెప్పలేదు నాన్నా?”

ఆయన కట్టుడుపళ్ళు కదిలించుకున్నాడు. ఎదురుగా ఖాళీ స్టేజి వైపు చూశాడు. “పళ్ళు పోయాయి. ట్రంపెట్ నీకిచ్చాను. ఆ ఒక్క పేరే మిగిలింది నాకు. ఇది చూపిస్తే అది కూడా పోతుందనిపించింది. నీ పెదవి చిట్లిన రోజు చెబ్దామని వంటింటిదాకా వచ్చాను. సిగ్గేసి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాను.”

చిన్నది ఆ మౌత్‌పీసుని అరచేతిలోకి తీసుకుంది. వెచ్చగా ఉంది, జేబులో ఉన్న వేడి. కోపం రావాల్సిన చోట ఏడుపొచ్చింది. ముప్పయ్యేళ్ళు ఊళ్ళో జనం తలెత్తి విన్న ఆ శబ్దం, చెంచాలో సగం కూడా లేని ఈ గుంటలో పుట్టిందా!

“ఇంకా మూడు గంటలుంది,” అంది వదిన. “సరిపోతుందా మావయ్యగారూ?”

“దీన్ని గట్టిగా ఊదకుండా ఉంటే సరిపోతుంది,” అన్నాడు నాన్న. గట్టిగా ఊదొద్దనడం మూడు నెలల్లో అదే మొదటిసారి.

స్టేజి వెనక సన్నటి నడవలో మొదలుపెట్టారు. మొదటి ఊదుకి శబ్దమే రాలేదు. పెదాలు గిన్నెకి తగిలి మూసుకుపోయాయి. అలవాటు కొద్దీ ఇంకా గట్టిగా ఊదింది. పీలగా కూసి ఆగిపోయింది.

“అలుగుతుందది,” అన్నాడు నాన్న. “సగం గాలి చాలు. ‘తు’ అని నాలికతో మొదలుపెట్టు. వీధి చివర మనిషిని చూశావనుకో. అరవకు. పిలు.”

పిలిచింది. పది సార్లకి ఒకసారి పలికింది. తర్వాత అయిదుసార్లకి ఒకసారి. పెదవి నొప్పి తక్కువుందని అరగంట తర్వాత గమనించింది.

వదిన వచ్చి ట్రంపెట్ నోటికీ మైకుకీ మధ్య తన జానతో కొలిచింది. “ఇంతే దూరం. స్వరాల కాగితం చూడటానికి కిందికి వంచావో, నీ పాట నేలకే వినపడుతుంది. కాగితం వద్దు.”

అక్కణ్ణుంచి నేరుగా మొగుడి దగ్గరికి వెళ్ళింది. “ఏమండీ, మీ గిటారు మీకే సరిగ్గా వినపడకపోతే ఎలా? పెట్టె కాళ్ళ దగ్గరుంటే మోకాళ్ళకి వినపడుతుంది గానీ చెవులకెలా వినపడుతుంది?” పెట్టెని ఒక కుర్చీ మీదికెక్కించి, అతని ముఖం వైపు తిప్పింది. అన్న ఒక తీగ మీటి ఉలిక్కిపడ్డాడు. “బాబోయ్, ఇంత మోతా!” అని తనంతట తనే తగ్గించాడు. వదిన ఏమీ తెలీనట్టు వైరు చుట్టుకుంటూ వచ్చేసింది.

ఆరింటికి హాలు నిండింది.

చిన్నది సోలో అయిదో పాటలో. కీబోర్డు అతని చెయ్యి ట్రంపెట్ బటన్ దగ్గరే ఉంది. అవసరమైతే నొక్కమని అన్న చెప్పి ఉంచాడు. డ్రమ్స్ దడదడమంటున్నాయి. బేస్ మోత కుర్చీ కాళ్ళలోంచి జనం వీపుల్లోకి ఎక్కుతోంది. పిల్లలు వరసల మధ్య పరిగెడుతున్నారు. ముందు వరసలో ఎవరో ఫోనులో మాట్లాడటానికి చెవి మూసుకున్నారు. వెనక తలుపు దగ్గర, అందరికంటే చివర, నాన్న నిలబడి ఉన్నాడు.

చిన్నది లేచింది. మైకు, జాన దూరం. కాగితం లేదు. సగం గాలి.

‘తు.’

ఆ శబ్దం పెద్దగా లేదు. అదే ఆశ్చర్యం! గిటారు అంతకంటే పెద్దగా ఉంది, డ్రమ్స్ ఇంకా పెద్దగా ఉన్నాయి. అయినా వాటన్నిటి మధ్యలోంచి, ఎవరినీ తోసుకోకుండా, సూదిలా ఒక్కటే గీత హాలు ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళింది. పరిగెత్తే పిల్లలు ఆగారు. ఫోనులో మాట్లాడుతున్న మనిషి మాట మధ్యలో తలెత్తాడు. తమని పిలిచారేమో అన్నట్టు కొందరు వెనక్కి తిరిగి చూశారు. నాలుగొందల మంది చెవుల్లో, పుట్టినప్పటి నుంచీ తెరిచి ఉన్న ఆ చోటు ఒకేసారి నిండింది. కొన్ని శబ్దాలు చెవిలో పడతాయి. ఇది పేరు తెలిసినట్టు ఎవరి దగ్గరికి వాళ్ళ దగ్గరికే వచ్చింది. అప్పుడు ఆ హాల్లో ఉన్నవాళ్ళెవరూ ఆ నిమిషాన్ని ఇప్పటికీ సరిగ్గా చెప్పలేరు.

చిన్నదానికి తన శబ్దం తనకే తిరిగి వినపడింది, ఎదుటి గోడని ముట్టుకుని వచ్చి. భయమేసింది. అంత సంతోషానికి కూడా భయమే వేస్తుంది కాబోలు.

తలుపు దగ్గర నాన్న చెయ్యెత్తాడు. ఆసుపత్రి గాజు గదిలో వినపడినవాళ్ళు ఎత్తినట్టే. ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయాడు.

కీబోర్డు అతని వేలు బటన్ మీంచి ఎప్పుడో లేచిపోయింది. అన్న చెల్లెలి వైపు తిరిగి చూస్తున్నాడు. వేళ్ళు తీగల మీద కదులుతున్నాయి గానీ మెత్తగా, పక్క గదిలో ఎవరో పడుకున్నట్టు.

విరామంలో చప్పట్లు ఇంకా ఆగకముందే అన్న స్టేజి దిగాడు. చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, “నీ చోటు నీదే. కీబోర్డు మాటెత్తను,” అన్నాడు. అదే ఊపులో భార్యకి చెబుదామని నేరుగా హాలు వెనక్కి నడిచాడు. చిన్నదానికి అప్పుడు గుర్తొచ్చింది. టేపు! అక్కడే ఉంది, మొత్తం, అంచుకి అంచు అతికించి.

ఆమె పరుగున వెళ్ళేసరికే అన్న బోర్డు మీదికి వంగి చదువుతున్నాడు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“మూడు నెలలు,” అంది వదిన. దాచలేదు.

“నా ఒట్టు తెలిసి కూడా?”

“తెలిసే.”

“ఇవాళ కూడానా?”

“ఇవాళ మర ఒక్కటే తిప్పాను, ప్రోగ్రాం మొదలయ్యే ముందు. చిన్నది లేచాక మీ మీట మీద చెయ్యి వెయ్యలేదు. కావాలంటే బోర్డులో ఉంది, వినండి. మీ అంతట మీరే తగ్గారు.”

అన్న ముఖం ఎర్రబడింది. చుట్టూ చూశాడు. డ్రమ్స్ అతనూ, బేస్ అతనూ వచ్చి నిలబడ్డారు. ఒట్టు వేసినప్పుడు వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. వదిన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, అడక్కుండానే కుర్చీలోంచి లేచింది.

చిన్నది ట్రంపెట్ నుంచి చిన్న మౌత్‌పీస్ లాగి, అన్న ఎదురుగా బోర్డు మీద పెట్టింది. “వదిన లేస్తే నేనూ లేచినట్టే అన్నయ్యా. ఆ కుర్చీలో ఇంకొకరుంటే నేను ఊదను.”

“నువ్వు కూడానా?”

“నేను మధ్యాహ్నమే తగ్గానురా,” అన్నాడు నాన్న వెనక నుంచి. “పెద్ద కష్టమేం కాదు.”

స్టేజి మీద దీపాలు వెలిగాయి. రెండో సగం మొదలుపెట్టమని జనం చప్పట్లు కొడుతున్నారు. అన్న టేపు మీది మాటలు మళ్ళీ ఒకసారి చదివాడు. తర్వాత భార్య వైపు చూడకుండానే చెయ్యి చాచాడు.

“పెన్నిలా ఇవ్వు.”

వదిన చెవి మీంచి పెన్ను తీసి ఇచ్చింది. అతను వంగి, టేపు మీద ఉన్న నాలుగు మాటల్లో ఒకదాన్ని అడ్డంగా కొట్టేశాడు. పెన్ను అక్కడే పడేసి, వదిన కుర్చీని మళ్ళీ బోర్డు ముందుకి జరిపి స్టేజి వైపు వెళ్ళిపోయాడు.

ఏ మాట కొట్టేశాడో చిన్నది నిలబడ్డ చోటికి కనపడలేదు. వదిన మాత్రం చదివింది. చదివి, ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి, కూచోకుండా, కదలకుండా అలాగే నిలబడిపోయింది.